విక్రాంత్ వెనుకటి రూపం

సముద్రానికి వందల కిలోమీటర్ల దూరాన, యమునా హిండన్ నదుల మైదానంలో వెలసిన ఊరు గ్రేటర్ నోయిడా. అక్కడి ఒక తెలుగు గృహస్థు యుద్ధనౌక నమూనా చేయ సంకల్పించాడనుకుందాం. ఆదివారం మధ్యాహ్నం భోజనాలైన తరువాత బల్ల మీద పాత వార్తాపత్రిక పరచి, కిట్ పెట్టె మూత తెరుస్తాడు. సన్నని చట్రాలకు అంటుకొని ఉన్న బూడిదరంగు ప్లాస్టిక్ ముక్కలు, అంకెలు వేసిన సూచనల కాగితం అందులో ఉంటాయి. వరుస తప్పకుండా అతికించుకుంటూ పోతే చివరకు పెట్టె మీది బొమ్మలో ఉన్న నౌక తయారవుతుంది. అంతవరకు చిక్కు లేదు.

చిక్కు వచ్చేది అతడు కోరుకున్న నౌక వేరైనప్పుడు. ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న విక్రాంత్‌ను, అంటే 1971 డిసెంబరులో బంగాళాఖాతం నుంచి విమానాలను పంపిన విక్రాంత్‌ను అతడు చేయదలిచాడు. బల్ల మీది నమూనాలో నౌక ముందుకొన పైకి వంగి ఉంది. ఆ వంపు పేరు స్కీ జంప్. 1971లో విక్రాంత్‌కు అది లేదు. సూచనల కాగితాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తే నమూనా ముచ్చటగా రావచ్చును గాని, అది అతడు కోరిన కాలానికి చెందదు.

ఒక కాలపు నౌకను అంతకు పూర్వపు రూపానికి మళ్లించడం నమూనాకారులకు చిరపరిచితమైన పని. ఇందులో చేతి నైపుణ్యం కంటే విచారణ పాలు ఎక్కువ. ఆ నౌకలో ఏది ఎప్పుడు చేరింది, ఏది ఎప్పుడు తొలగిపోయింది అనే ప్రశ్నలకు సమాధానం దొరకనిదే రంపం చేతపట్టరాదు.

తన పాత్ర తానే ధరించిన నౌక

ఈ విచారణ ఎంత అవసరమో తెలుసుకోవడానికి భారత నౌకాదళ చరిత్రలోనే ఒక చక్కని ఉదాహరణ ఉంది. స్వాతంత్ర్యానంతరం 1948లో మన నౌకాదళంలో చేరిన క్రూయిజర్ ‘ఢిల్లీ’ అసలు పేరు ‘అకిలీస్’. 1939 డిసెంబరు 13వ తేదీన దక్షిణ అమెరికా తీరాన రివర్ ప్లేట్ ముఖద్వారం వద్ద జర్మనీ యుద్ధనౌక ‘గ్రాఫ్ స్పీ’ని ఎదుర్కొన్న మూడు నౌకలలో అది ఒకటి. అప్పుడు దానికి నాలుగు టరెట్లు ఉండేవి. టరెట్ అంటే ఫిరంగులను అమర్చిన, అటూ ఇటూ తిరిగే ఉక్కు గూడు. ఒక్కొక్క టరెట్‌లో రెండేసి చొప్పున మొత్తం ఎనిమిది పెద్ద ఫిరంగులు.

1943 జనవరిలో పసిఫిక్ మహాసముద్రంలో జపాను విమానం వేసిన బాంబు, వెనుకభాగపు రెండు టరెట్లలో పై అంతస్తున ఉన్నదాన్ని దెబ్బతీసింది. మరమ్మతులో ఆ టరెట్‌ను తొలగించి, దాని స్థానంలో విమానాలను కూల్చే చిన్న తుపాకులను అమర్చారు. ఆ నౌక భారతదేశానికి వచ్చింది మూడు టరెట్లతోనే. 1950లో ప్రధానమంత్రి నెహ్రూ ఇండొనేషియా పర్యటనకు వెళ్లినదీ, 1961లో గోవా విముక్తి చర్యలో పాల్గొన్నదీ ఈ మూడు టరెట్ల ‘ఢిల్లీ’యే.

రివర్ ప్లేట్ యుద్ధం మీద బ్రిటిష్ వారు తీసిన చలనచిత్రం 1956లో విడుదలయింది. అందులో ‘అకిలీస్’ పాత్రను ధరించడానికి వారికి సాక్షాత్తు ఆ నౌకే దొరికింది. తక్కిన పాత్రలకు వేరే నౌకలను తెచ్చుకోవలసి వచ్చింది. చివరకు ‘గ్రాఫ్ స్పీ’ వేషం వేసింది ఒక అమెరికన్ క్రూయిజర్. ‘అకిలీస్’ మాత్రం అచ్చమైన ‘అకిలీస్’. అయినా తెరమీద 1939 నాటి యుద్ధం చేస్తున్న ఆ నౌకకు నాలుగుకు బదులు మూడే టరెట్లు! తన పూర్వరూపాన్ని తానే ప్రదర్శించబోయి ఆ నౌక పూర్తిగా కృతకృత్యం కాలేకపోయింది.

నమూనాకారుడికి ఇందులో పెద్ద పాఠం ఉంది. ఎదురుగా నిలిచిన అసలు వస్తువు సైతం తన గతానికి పూర్తి సాక్ష్యం కాదు. మనుషులలాగే నౌకలూ వయసుతో మారతాయి. అసలు నౌక చేయలేనిదాన్ని ఆ నమూనా చేయగలదు. నాలుగో టరెట్‌ను దాని చోట నిలిపితే చాలు, 1939 తిరిగి కళ్లముందుకు వస్తుంది. ‘ఢిల్లీ’ 1978లో సేవ నుంచి విరమించుకున్న తరువాత విచ్ఛిన్నమైపోయింది. మిగిలిన టరెట్లలో ఒకదాన్ని భారతదేశం న్యూజీలాండ్‌కు కానుకగా ఇచ్చింది. అది ఆక్లండ్ నగరంలోని డెవన్‌పోర్ట్ నౌకాస్థావరం వద్ద నేటికీ ఉంది.

ఒకే నౌకకు మూడు రూపాలు

విక్రాంత్ కథ కూడా ఇటువంటిదే. 1943 నవంబరులో ఇంగ్లండులో టైన్ నదీతీరాన దాని నిర్మాణం మొదలయింది. ‘హెర్క్యులిస్’ అనే పేరుతో 1945 సెప్టెంబరు 22న జలప్రవేశం చేసింది. అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి మూడు వారాలైంది. అవసరం తీరిన నౌకకు డబ్బు ఖర్చు పెట్టడం ఎందుకని బ్రిటిష్ ప్రభుత్వం 1946లో పనులు నిలిపివేసింది. నిర్మాణం ముప్పాతిక వంతు పూర్తయిన ఆ నౌక పదేళ్లకు పైగా అలాగే పడి ఉంది.

1957లో భారత ప్రభుత్వం దాన్ని కొన్నది. ఈ పదేళ్లలో నౌకల మీద విమానాలు నడిపే విద్యలో పెద్ద మార్పులు వచ్చాయి. దిగే విమానం తప్పిపోతే ముందు నిలిపి ఉన్న విమానాలను ఢీకొనకుండా, దిగే దారిని కొంత ఎడమకు తిప్పి నిర్మించే కోణాకృతి డెక్ అందులో ఒకటి. విమానాన్ని ఆవిరి బలంతో కొద్ది క్షణాలలో గాలిలోకి విసిరే కేటపుల్ట్ మరొకటి. రెండూ బ్రిటిష్ ఇంజనీర్ల ఆలోచనలే. బెల్ఫాస్ట్ నగరంలోని హార్లండ్ అండ్ ఊల్ఫ్ నౌకానిర్మాణశాలలో ఈ హంగులన్నిటితో నౌక పూర్తయింది. 1961 మార్చి 4న విజయలక్ష్మీ పండిట్ సమక్షంలో ‘విక్రాంత్’ అనే పేరుతో భారత నౌకాదళంలో చేరింది. అదే ఏడాది నవంబరులో బొంబాయి చేరినప్పుడు స్వాగతం చెప్పినవారు నెహ్రూ.

ఇది దాని రెండవ రూపం. పొడవు సుమారు 213 మీటర్లు. పూర్తి బరువుతో దాదాపు 19,500 టన్నులు. ముందునుంచి వెనుక వరకు సమతలంగా పరచుకొన్న డెక్. దాని మీద సీ హాక్ జెట్ విమానాలు, ఫ్రాన్సులో తయారైన అలీజే విమానాలు. 1971 యుద్ధంలో పాల్గొన్నది ఈ రూపమే.

మూడవ రూపం 1980 దశకంలో ఏర్పడింది. కొద్దిపాటి పరుగుతో లేచి నిట్టనిలువుగా దిగగల సీ హారియర్ విమానాలు 1983 డిసెంబరులో మన దేశానికి వచ్చాయి. వాటి కోసం నౌకను దఫదఫాలుగా మార్చారు. 1987 నుంచి 1989 వరకు సాగిన చివరి పెద్ద మార్పులో కేటపుల్ట్ తొలగిపోయి, ముందుకొనకు 9.75 డిగ్రీల వంపుతో స్కీ జంప్ వచ్చింది. 1997 జనవరి 31న సేవ నుంచి విరమించుకున్నప్పుడు విక్రాంత్ ఈ రూపంలో ఉంది.

ముందు తేదీ, తరువాత రంపం

గ్రేటర్ నోయిడా గృహస్థు చేయవలసిన మొదటి పని ఒక తేదీని నిశ్చయించుకోవడం. ‘1971 నాటి విక్రాంత్’ అనుకుంటే చాలదు. అదే సంవత్సరంలో మరమ్మతులో ఉన్న నౌక ఒక విధంగా, యుద్ధానికి సన్నద్ధమైన నౌక మరొక విధంగా కనబడుతుంది. కాబట్టి ‘1971 డిసెంబరు 4’ అని ఒక కాగితం మీద రాసి బల్ల ఎదుట గోడకు అంటించుకోవడం మంచిది. ఆ రోజునే విక్రాంత్ విమానాలు నాటి తూర్పు పాకిస్తానులోని కాక్స్ బజార్, చిట్టగాంగుల మీద దాడి చేశాయి.

రెండవ పని ఫోటోల సేకరణ. ప్రతి ఫోటో వెనుక దాని తేదీ రాసుకోవాలి. తేదీ తెలియనిదాన్ని వేరే కవరులో ఉంచాలి. దాన్ని సాక్షిగా పిలవరాదు. వార్తాపత్రికలు పాత ఫోటోలను కొత్త వార్తల పక్కన ముద్రించడం కద్దు. 1961లో తీసిన ఫోటోను 1971 యుద్ధవార్త పక్కన చూసి మోసపోయే అవకాశం లేకపోలేదు. కొన్నిసార్లు ఫోటో కుడిఎడమలు తారుమారై అచ్చవుతుంది. దీన్ని పట్టుకోవడానికి సులభమైన గుర్తు ఉంది. విక్రాంత్‌లో పొగగొట్టమూ వంతెనా కలిసిన కట్టడం, నౌకాదళం వారు ‘ఐలండ్’ అని పిలిచేది, కుడివైపు అంచున ఉండేది. ఫోటోలో అది ఎడమవైపున కనబడితే తప్పు అచ్చువేసినవారిది.

నలుపు తెలుపు ఫోటోలను చూసి రంగులు నిర్ణయించడం మరొక ప్రమాదం. కొన్ని పాత ఫిల్ములలో ఎరుపు నల్లగా, నీలం తెల్లగా పడుతుంది. అందుచేత ఫోటో నుంచి ఆకారాన్ని గ్రహించవచ్చును గాని రంగును గ్రహించరాదు.

అదే తరగతి నౌకల పటాలు కూడా అక్కరకు వస్తాయి. అయితే ఇక్కడా జాగ్రత్త అవసరం. విక్రాంత్‌తో పాటు ఒకే నమూనాలో మొదలైన ‘మెల్‌బోర్న్’ ఆస్ట్రేలియాకు, ‘బోనవెంచర్’ కెనడాకు చేరాయి. ఒక తల్లి బిడ్డలే అయినా వేర్వేరు ఇళ్లలో పెరిగిన అక్కచెల్లెళ్లలా వాటి రూపురేఖలు వేరయ్యాయి. ‘మెల్‌బోర్న్’ను చూసి విక్రాంత్ రాడార్ స్తంభం చేస్తే అది ఆస్ట్రేలియా స్తంభమే అవుతుంది.

సేకరణ పూర్తయిన తరువాత కాగితం మీద మూడు గళ్లు గీసుకోవాలి. ఉంచవలసినవి, తీయవలసినవి, చేర్చవలసినవి. కిట్‌లోని ప్రతి ముక్కనూ ఈ మూడింటిలో ఒకదానిలో రాయాలి. ఏ గడిలోనూ పడని ముక్క ఉన్నదంటే విచారణ ఇంకా పూర్తి కాలేదని అర్థం.

తీసివేతలే ఎక్కువ

వెనుకటి రూపానికి పోవడంలో కూడికల కంటే తీసివేతలే ఎక్కువ. సాధారణంగా నమూనాకారులు కొత్త వివరాలు చేర్చడంలో ఆనందిస్తారు. ఇక్కడ మాత్రం అందంగా తయారై వచ్చిన ముక్కను కోసి పారవేయవలసి ఉంటుంది. చేయి కొంత సంకోచిస్తుంది. ఆ సంకోచాన్ని జయించడమే ఈ పనిలో మొదటి మెట్టు.

నమూనా 1:700 ప్రమాణంలో ఉన్నదనుకుంటే 213 మీటర్ల నౌక 30 సెంటీమీటర్ల పొడవుకు దిగుతుంది. పాఠశాల పిల్లల స్కేలు కంటే కొంచెం ఎక్కువ. ఒక మిల్లీమీటరు పొరపాటు అసలు నౌకలో 70 సెంటీమీటర్ల పొరపాటుతో సమానం. సుమారు 12 మీటర్ల సీ హాక్ విమానం 17 మిల్లీమీటర్లు అవుతుంది. నావికుడి ఎత్తు రెండున్నర మిల్లీమీటర్లకు మించదు.

స్కీ జంప్ ఎక్కడ పైకి లేవడం మొదలవుతుందో అక్కడ పెన్సిలుతో అడ్డగీత గీసుకొని, సన్నని పళ్ల రంపంతో నిదానంగా కోయాలి. గీతకు వెంట్రుకవాసి ఇవతలే కోసి, మిగిలినదాన్ని ఆకురాయితో అరగదీయడం వివేకం. ఎక్కువ కోసినదాన్ని తిరిగి అతికించడం కష్టం. ఏర్పడిన ఖాళీలో ప్లాస్టిక్ రేకును డెక్ మట్టానికి సరిపడేలా అమర్చి, అతుకులో పుట్టీ నింపాలి. ఒక పూట ఆరనిచ్చిన తరువాత ఉప్పుకాగితాన్ని తడిపి రుద్దాలి. కళ్లు మూసుకొని వేలికొన నడిపితే అతుకు తగలకూడదు. వేలికి తగిలేది రంగు వేసిన తరువాత కంటికీ తగులుతుంది.

ఈ కొత్త సమతలం మీద కేటపుల్ట్ గాడిని చెక్కాలి. డెక్ కింద ఉన్న గొట్టంలో ఆవిరి పీడనంతో ముషలకం దూసుకుపోతుంది. గాడి గుండా పైకి వచ్చిన కొక్కెం దానితో పాటే కదులుతుంది. విమానం అడుగున తగిలించిన ఉక్కుతాడు ఆ కొక్కేనికి పట్టి ఉంటుంది. ఈ విధంగా విమానం గాలిలోకి లేచే వేగాన్ని నౌక ముందుకొన దాటేలోగానే అందుకొంటుంది. నమూనాలో ఇదంతా ఒక సన్నని గీత మాత్రమే. కాని ఆ గీత లేకపోతే 1971 డెక్ మీద నిలిచిన సీ హాక్‌కు ఎగిరే దారి లేదు.

దిగే విమానాల తోక కొక్కేన్ని పట్టి ఆపడానికి డెక్‌కు అడ్డంగా కట్టిన ఉక్కుతాళ్లు మరొక వివరం. నిలువుగా దిగే హారియర్‌కు వాటి అవసరం లేదు. సీ హాక్‌కు అవే ప్రాణం. సన్నని తీగతో వాటిని చూపవచ్చు.

తరువాత తుపాకుల వంతు. 1961లో నౌక చేరినప్పుడు విమానాలను కూల్చే 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ తుపాకులు పదహారు ఉండేవి. తరువాతి కాలంలో వాటి సంఖ్య తగ్గింది. కాబట్టి చివరి రూపపు కిట్‌లో ఖాళీగా ఉన్న కొన్ని గట్లకు తుపాకులు చేర్చవలసి వస్తుంది. తీసివేతల నడుమ ఇది ఒక కూడిక. రాడార్లు కూడా మారాయి. తరువాత అమర్చిన హాలండ్ దేశపు రాడార్లను తొలగించి, నౌకతో వచ్చిన పాత బ్రిటిష్ రాడార్ల ఆకారాలను సన్నని ఇత్తడి తీగతో కట్టాలి.

డెక్ మీద సీ హారియర్లను నిలపరాదన్నది స్పష్టమే. 300వ స్క్వాడ్రనుకు చెందిన సీ హాక్‌లు, 310వ స్క్వాడ్రనుకు చెందిన అలీజేలు, చేతక్ హెలికాప్టర్లు ఉండాలి. ఈ విమానాల ఆకారం కళ్లారా చూడదలిచినవారికి గోవాలో 1998లో ఏర్పడిన నౌకాదళ విమాన ప్రదర్శనశాల మంచి ఆధారం. సీ హాక్, అలీజే రెండూ అక్కడ ఉన్నాయి. సముద్రం లేని ఊరివారికి ఆ ప్రయాణం వృథా పోదు.

చివరిది జెండా. వేలిగోరు పాటి కూడా ఉండని ఈ జెండా వద్ద పొరపాటు చేసేవారు ఎక్కువ. 1971లో మన నౌకాదళ పతాకం తెల్లని గుడ్డ మీద ఎర్రని శిలువ గుర్తుతో, పైమూలన త్రివర్ణంతో ఉండేది. 2001లో శిలువ తొలగింది. 2004లో నడుమ రాజముద్రతో తిరిగి వచ్చింది. 2022 సెప్టెంబరు 2న శిలువ లేని నేటి పతాకం అమలులోకి వచ్చింది. నేటి పతాకం మీద గౌరవం ఎంత ఉన్నా, 1971 నౌక మీద నాటి పతాకమే ఎగరాలి. చరిత్రను తరువాతి అభిరుచికి తగినట్లు దిద్దితే అది చరిత్ర కాదు.

నమూనాలో కనిపించనివి

ఇంత శ్రమపడి చేసిన నమూనాలో కూడా ఆనాటి ముఖ్యమైన సంగతి ఒకటి కనబడదు. 1970లో విక్రాంత్ బాయిలరులో పగుళ్లు బయటపడ్డాయి. నాలుగు బాయిలర్లలో ఒకదాన్ని పక్కన పెట్టి, మూడింటితోనే నౌక యుద్ధానికి బయలుదేరింది. విమానవాహక నౌకకు వేగం ప్రాణాధారం. నౌక గాలికి ఎదురుగా ఎంత వేగంగా పోతే డెక్ మీద అంత ఎదురుగాలి పుడుతుంది. ఆ గాలి విమానాన్ని లేపడానికి తోడవుతుంది. పూర్తి వేగం అందుకోలేని నౌక నుంచి, కేటపుల్ట్ మీదనే ఎక్కువ భారం వేసి, ఆయుధాలతో బరువెక్కిన విమానాలను పంపవలసి వచ్చింది. సమతలపు డెక్ మీది ఆ సన్నని గాడికి అంత ప్రాధాన్యం ఎందుకో దీనివల్ల బోధపడుతుంది. దాని స్థానంలో స్కీ జంప్ ఉంచితే ఆ నావికుల కష్టమూ, వారి నేర్పూ రెండూ మాసిపోతాయి.

విక్రాంత్ ఉనికి కూడా అప్పుడు కనబడనిదే. దాన్ని వేటాడడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ‘ఘాజీ’ 1971 నవంబరులో కరాచీ నుంచి బయలుదేరింది. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను రహస్యంగా అండమాన్ దీవులకు పంపి, అది విశాఖపట్నం ప్రాంతంలోనే ఉన్నదన్న భ్రమ కల్పించారు. పాత డెస్ట్రాయర్ ‘రాజ్‌పుత్’ విక్రాంత్ పేరిట రేడియో సందేశాలు పంపింది. పెద్ద నౌకకు సరిపడే సరుకుల కోసం రేవులో బాహాటంగా ఏర్పాట్లు జరిగాయి. ఒక చిన్న నౌక మహానౌక వేషం ధరించిందన్నమాట.

డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి విశాఖ తీరానికి సమీపంలో ఘాజీ మునిగిపోయింది. అందులోని 90 మందికి పైగా నావికులు మరణించారు. ‘రాజ్‌పుత్’ వేసిన లోతుబాంబుల వల్ల మునిగిందని భారతదేశమూ, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడు వల్ల మునిగిందని పాకిస్తానూ చెబుతూ వచ్చాయి. ఘాజీ మునిగిన గంటల వ్యవధిలోనే, వందల కిలోమీటర్ల దూరాన నిజమైన విక్రాంత్ తన విమానాలను పంపింది. తరువాతి రోజులలో ఖుల్నా, మంగ్లా రేవుల మీద కూడా దాడులు జరిగాయి. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సేనలు లొంగిపోయాయి.

ఈ కథలోని నౌకలన్నిటికీ పూర్వజన్మలు ఉండడం గమనించదగిన విషయం. విక్రాంత్ ఒకప్పటి ‘హెర్క్యులిస్’. రాజ్‌పుత్ ఒకప్పటి బ్రిటిష్ ‘రోథర్‌హామ్’. ఘాజీ ఒకప్పటి అమెరికన్ ‘డయాబ్లో’. ఏ కిట్ తీసుకొని, ఎక్కడ ఆగాలన్నది నమూనాకారుడి నిర్ణయం. ‘డయాబ్లో’ను ఘాజీగానూ చేయవచ్చు, ఘాజీని ‘డయాబ్లో’గానూ మళ్లించవచ్చు. తేదీ ఒక్కటే ఆ రెండింటినీ వేరు చేస్తుంది.

సాక్షి లేనప్పుడు

ఒక బొమ్మ కోసం ఇంత పట్టింపు అవసరమా అని ఇంట్లోవారు అడగవచ్చు. ప్రశ్న న్యాయమైనదే. సమాధానం విక్రాంత్ చివరి రోజులలో ఉంది.

సేవ విరమించిన తరువాత ఆ నౌక 2001 నుంచి 2012 వరకు ముంబైలో ప్రదర్శనశాలగా ఉంది. తల్లిదండ్రులు పిల్లలను తీసుకువెళ్లి, 1971లో యుద్ధం చేసిన నౌక ఇదేనని చూపించారు. వారు చెప్పింది నిజం. కాని పిల్లలు చూసింది స్కీ జంప్ ఉన్న నౌకను. ఆ వంపు మీదుగానే సీ హాక్‌లు ఎగిరాయని ఎవరైనా అనుకొని ఉంటే తప్పు వారిది కాదు. ప్రదర్శనశాలగా మారిన నౌక సాధారణంగా తన చివరి రూపంతోనే నిలుస్తుంది. విశాఖ రామకృష్ణా బీచిలో 2002 నుంచి సందర్శకులను ఆకర్షిస్తున్న ‘కురుసుర’ జలాంతర్గామికీ ఇది వర్తిస్తుంది. 1969లో నౌకాదళంలో చేరి 31 సంవత్సరాలు సేవ చేసిన తరువాత మిగిలిన రూపాన్నే మనం అక్కడ చూస్తున్నాం.

కురుసుర ఇంకా ఉంది. విక్రాంత్ లేదు. దాన్ని భద్రపరచడానికి జరిగిన ప్రయత్నాలు ఫలించలేదు. 2014లో అమ్మివేశారు, ఆ సంవత్సరాంతానికే విచ్ఛిన్నం చేసే పని మొదలయింది. దాని ఉక్కులో కొంత భాగాన్ని 2016లో బజారుకు వచ్చిన ఒక మోటారుసైకిలు తయారీలో వాడారు. ఇక ఎవరైనా టేపు పట్టుకొని వెళ్లి డెక్ కొలుచుకునే అవకాశం లేదు. పటాలు, ఫోటోలు, ఆ నౌకలో పనిచేసినవారి జ్ఞాపకాలు మిగిలాయి. జ్ఞాపకాలున్నవారు వృద్ధులయ్యారు.

2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ నౌకాదళంలో చేరింది. పొడవు 262 మీటర్లు. మన దేశంలోనే నిర్మించిన మొదటి విమానవాహక నౌక. దానికీ స్కీ జంప్ ఉంది. పేరు అదే, ముందుకొన వంపూ ఉంది. ఇక ముందు తరాలవారు విక్రాంత్ అనగానే వంపు తిరిగిన ముందుకొననే తలచుకుంటారు. కొత్త నౌక కీర్తి పాత నౌక రూపాన్ని తెలియకుండానే కప్పివేస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. జనుల స్మృతి నడిచే తీరే అది. చివరగా చూసినదే మొదటినుంచీ ఉన్నట్లు తోస్తుంది.

అసలు నౌక లేనప్పుడు, ఫోటోలు చెల్లాచెదరైనప్పుడు, పిల్లవాడు చేతితో తాకి చూడగల సాక్ష్యం నమూనా ఒక్కటే. ఆ సాక్ష్యం తప్పు చెబితే దాన్ని సరిదిద్దడానికి నౌక తిరిగి రాదు. 30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క మీద అంత బాధ్యత ఉన్నది.

గ్రేటర్ నోయిడా గృహస్థు పని పూర్తి చేయడానికి నెలలు పట్టవచ్చు. ఒక్కొక్క ఆదివారం ఒక్కొక్క ముక్క. పని ముగిసిన తరువాత పీట కింద చిన్న రేకు బిగించి, ‘విక్రాంత్, 1971 డిసెంబరు 4’ అని రాయవలసి ఉంటుంది. పేరు పక్కన తేదీ లేని నౌక నమూనా సంతకం లేని పత్రం వంటిది. ఊహించి చేసిన భాగాలు ఏవైనా ఉంటే, వాటి వివరాలు రాసిన కాగితాన్ని పీట అడుగున అంటించడం నిజాయితీ గల పద్ధతి. రేపు మరొకరికి మంచి ఫోటో దొరికితే ఎక్కడ సరిదిద్దాలో వారికి తెలుస్తుంది.

సంక్రాంతికి ఇంట్లో బొమ్మల కొలువు తీరుస్తారు. కొండపల్లి బొమ్మలూ ఏటికొప్పాక లక్కపిడతలూ కొలువైన మెట్ల మీద ఆ నౌకకూ ఒక చోటు దొరుకుతుంది. చూడవచ్చిన పిల్లలలో ఎవరో ఒకరు, టీవీలో కొత్త విక్రాంత్‌ను చూసినవారు, దీని ముందుకొన ఎందుకు పైకి లేవలేదని అడగక మానరు. అప్పుడు వారిని పక్కన కూర్చోబెట్టుకొని, మూడు బాయిలర్లతో సముద్రంలోకి వెళ్లిన నౌక కథ మొదటినుంచి చెప్పవచ్చు.